మనసు విప్పమంటారు సరే, వినేదెవరు?

పల్నాడు అనగానే మిగతా తెలుగు నేలకు గుర్తొచ్చేది పౌరుషం. అక్కడివాళ్ళు మాట పడరని, మెట్టు దిగరని పేరు. 2024 మే 13 పోలింగు నాటి గొడవలతో మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చినప్పుడూ ఆ పేరే మళ్ళీ ముందుకొచ్చింది. అలాంటి నేల మీదికి ఇప్పుడు కొత్త ఉపదేశం ఒకటి చేరింది. నీ అసలు రూపం దాచుకోకు, నీ బేలతనాన్ని ఒప్పుకో, మనసు విప్పి మాట్లాడు, అప్పుడే నిజంగా బతికినట్టు అంటున్నారు. కాలేజీల్లో వ్యక్తిత్వ వికాస తరగతులు ఈ మాటే చెబుతున్నాయి. ఫోన్లలో తిరిగే రీల్స్ కూడా ఇదే చెబుతున్నాయి.

మాట మంచిదే. కానీ ఇది ఎవరికి సాధ్యం? మనసు విప్పినవాడికి తర్వాత ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నలకు పల్నాడు దగ్గర ఎనిమిది వందల ఏళ్ళ నాటి కథల నుంచి నిన్నటి మిర్చి ధర దాకా చాలా సాక్ష్యం ఉంది. అదంతా ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మనసు విప్పడాన్ని మనం చెప్పేవాడి ధైర్యానికి సంబంధించిన విషయంగానే చూస్తున్నాం. చాలాసార్లు అది వినేవాడి చేతిలో ఉంటుంది.

వీరగాథలో దాచిన మాటలు

పన్నెండో శతాబ్దం చివర్లో కారెంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధం గురించి రెండు దారుల్లో తెలుసుకుంటున్నాం. ఒకటి శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం; అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చువేయించారు. రెండోది వీరవిద్యావంతులు పాడే కథ. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ 1970లలో ఈ ప్రాంతానికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లిషు పుస్తకంగా తెచ్చాడు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో జరిగే వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఆ కథ ఏటా మళ్ళీ నడుస్తుంది.

ఈ కథను మనం శౌర్యం కోసమే చదువుతాం. మనసులో మాట దాచుకోవడం అనే కోణం నుంచి చూస్తే మరో కథ కనిపిస్తుంది. తండ్రి బ్రహ్మనాయుడు యుద్ధభూమిలో ఉన్న సంగతి యువవీరుడు బాలచంద్రుడికి తల్లి ఐతాంబ చెప్పదు. కొడుకు పోతాడన్న భయం ఆమెది. ఆ భయాన్ని కొడుకు ముందు ఒప్పుకోలేక కబురే లేనట్టు నటించింది. చివరికి పిల్లాడికి ఆ సంగతి ఎలా తెలిసింది? బొంగరాలాటలో బొంగరం పాదానికి తగిలి దెబ్బతిన్న ఒక పరాయి స్త్రీ కోపంతో అన్న మాట వల్ల. ఇంట్లో ప్రేమతో చెప్పాల్సింది వీధిలో ఎత్తిపొడుపుగా వినాల్సి వచ్చింది. అలా విన్న కుర్రాడికి ఆలోచించే వ్యవధి ఎక్కడిది?

తర్వాత అదే తప్పు బాలచంద్రుడూ చేస్తాడు. తనతో బయల్దేరిన బ్రాహ్మణ స్నేహితుడు అనపోతును యుద్ధానికి తీసుకుపోవడం అతనికి ఇష్టం లేదు. ఆ మాట ముఖం మీద చెప్పకుండా ఏదో నెపం పెట్టి వెనక్కి పంపాడు. సంగతి తెలిశాక అనపోతు ప్రాణం తీసుకున్నాడు. కత్తులకు ఎదురెళ్ళిన వీరుడికి, నువ్వు పోతే నేను తట్టుకోలేను అన్న ఒక్క మాట చెప్పే ధైర్యం లేకపోయింది. పల్నాటి కథను పౌరుష గాథగానే చెప్పుకున్నంత కాలం ఈ రెండు ఘట్టాలూ పిట్టకథల్లా మిగిలిపోతాయి. నిజానికి కథలో విషాదాన్ని మలుపు తిప్పినవి ఇవే. ప్రేమించినవాళ్ళ ముందు కూడా బేలగా కనిపించకూడదన్న నియమం ఎంత పాతదో, దానికి ఎంత మూల్యం చెల్లించామో ఇక్కడే కనిపిస్తుంది.

గబ్బిలానికి చెప్పుకున్నవాడు

ఇదే నేల నుంచి మనసు విప్పి మాట్లాడిన మనిషి గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. ఇప్పుడది పల్నాడు జిల్లాలోనే ఉంది. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవ ఇల్లు. బడిలో అంటరానితనం ఎదురైంది. పద్యం రాస్తే సభలో పండితులు పక్కన పెట్టారు. హిందూ పురాణాల మీద రాస్తున్నాడని చర్చి వైపు వాళ్ళూ దూరం పెట్టారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే ఉద్యోగం చేశాడు, గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు కులం చెప్పాల్సిన మనిషికి నీ అసలు రూపం చూపించు అన్న ఉపదేశం అవసరం లేదు. ఆ రూపాన్ని లోకమే అతని నుదుట రాసిపెట్టింది.

1941లో వచ్చిన 'గబ్బిలం'లో జాషువా చేసిన పని ఈ చర్చకు కీలకం. తంజావూరు ప్రాంతపు ఒక అంటరాని మనిషి, రాత్రి తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలానికి తన గోడు చెప్పుకుని, కాశీలో ఉన్న శివుడికి ఆ సందేశం చేర్చమంటాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మనుషుల్లో వినేవాడు దొరకక గబ్బిలానికి చెప్పుకోవడం ఇక్కడ కవితా చమత్కారం మాత్రమే అనుకోలేం. అది ఆనాటి సాంఘిక వాస్తవం. దీనికి జాషువా ఎంచుకున్న రూపం కూడా గమనించాలి. కాళిదాసు మేఘసందేశం నమూనా, శుద్ధమైన ఛందోబద్ధ పద్యం. పండితుడి చెవికి ఎక్కాలంటే పండితుడి భాషలోనే ఏడవాలి. కింద ఉన్నవాడు మనసు విప్పేటప్పుడు కూడా పైవాడి మర్యాదలు పాటించాల్సి రావడం ఇందులో ఉంది. ఆ మర్యాదలు పాటించి మరీ గెలిచాడు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి స్వయంగా అతని కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971లో కన్నుమూసేలోపు 'నా కథ' పేరుతో తన జీవితాన్ని కూడా పద్యాల్లోనే చెప్పుకున్నాడు.

జాషువా విజయాన్ని ధైర్యానికి దక్కిన బహుమతిగా మాత్రమే చూస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అంత ప్రతిభ లేని వినుకొండ కుర్రాడు అదే గోడు మామూలు మాటల్లో చెప్పి ఉంటే వినేవాళ్ళెవరు?

జాషువా తర్వాత వచ్చినవాళ్ళు

తెలుగులో ఆత్మకథ రాయడం కందుకూరి వీరేశలింగం నాటికే మొదలైంది. కానీ చాలాకాలం అది పెద్దమనుషులు తాము సాధించిన పనుల జాబితా చెప్పుకునే చోటుగానే నడిచింది. చలం లాంటివాళ్ళు ఆ గీత దాటితే సంఘం వారి పుస్తకాలను ఇళ్ళలోకి రానివ్వలేదు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలో స్త్రీలు తమ ఒంటి గురించి, ప్రసవం గురించి, కాపురం గురించి రాస్తే అది కవిత్వమే కాదన్నవాళ్ళున్నారు, బూతన్నవాళ్ళూ ఉన్నారు. 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' దళిత కవుల గొంతును వాళ్ళ మాటల్లోనే తెచ్చింది. జాషువాకు దొరకని వెసులుబాటు అది. పండితుడి ఛందస్సు అద్దెకు తెచ్చుకోనక్కర్లేదు.

ఆ తర్వాతి మెట్టు రేవతి ఆత్మకథ. తమిళనాడుకు చెందిన ట్రాన్స్‌జెండర్ రచయిత్రి ఆమె. గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించడం, ఇలాంటి పుస్తకాలు రావడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ఈ వరుస మొత్తం చూస్తే ఎవరూ ఒంటరిగా మనసు విప్పలేదని అర్థమవుతుంది. ఒక ఉద్యమమో, ఒక సంకలనమో, ఒక తీర్పో ముందు వినేవాళ్ళను తయారుచేసింది. ఆ తర్వాతే గొంతులు పెరిగాయి.

సాక్ష్యం, సంఘం

పుస్తకాల సంగతి అలా ఉంచితే, పల్నాటి ఊళ్ళల్లో మామూలు మనుషులు నలుగురిలో తమ బాధ చెప్పుకునే చోట్లు రెండున్నాయి. మొదటిది చర్చి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో పెరిగిన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం ఒక అలవాటు. రోజూ కూలికి వెళ్ళే స్త్రీ లేచి నిలబడి, భర్త తాగుడు గురించి, పిల్లాడి జబ్బు గురించి, తిండిలేని రోజుల గురించి అందరి ముందూ మాట్లాడుతుంది. వ్యక్తిత్వ వికాసం అన్న మాట పుట్టక ముందే ఆ చోటు ఉంది. కానీ దానికీ ఒక హద్దు ఉంది. సాక్ష్యం గట్టెక్కినవాళ్ళు చెప్పేది. కష్టం తీరింది, దేవుడు తీర్చాడు అన్న ముగింపు ఉండాలి. ఇంకా నీళ్ళలోనే ఉన్నవాడు ప్రార్థన చేయండి అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. గెలిచిన బేలతనానికి మైకు దొరికినంత సులువుగా సాగుతున్న బేలతనానికి దొరకదు. ఇది చర్చికే పరిమితం కాదు. ఒకప్పుడు నేను చాలా బాధపడ్డాను అని స్టేజీ మీద చెప్పే ప్రతి విజేత కథా ఈ బాపతే.

రెండోది డ్వాక్రా సంఘం. నెలకోసారో వారానికోసారో చాప పరుచుకుని కూర్చునే పది పన్నెండు మంది ఆడవాళ్ళ మధ్య ఎవరి అప్పు ఎంతో, ఎవరి కిస్తీ ఎందుకు ఆగిందో రహస్యం కాదు. ఒకరు కట్టకపోతే అందరికీ ఇబ్బంది కనుక చెప్పక తప్పదు, విన్నవాళ్ళు ఏదో ఒకటి చేయకా తప్పదు. సమానులు కూర్చున్న చోట చెప్పుకోవడానికి ఉన్న బలం ఇది.

కానీ ఇదే ఏర్పాటు లాభం చూసుకునేవాడి చేతికి చిక్కితే ఏమవుతుందో కూడా చూశాం. మైక్రోఫైనాన్స్ కంపెనీలు గ్రూపు పద్ధతిని అరువు తెచ్చుకుని, ఒకరి బాకీని మిగతా ఆడవాళ్ళ ముందు అవమానంగా మార్చి వసూలు చేశాయి. ఇళ్ళ ముందు కూర్చోవడాలు, ఆత్మహత్యలు పెరిగాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. పదేళ్ళు తిరిగేసరికి ఫోన్లలో రుణ యాప్‌లు అదే పని ఇంకా సులువుగా చేశాయి. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాగి, బంధువులందరికీ అప్పు సంగతి పంపించాయి. మన గుట్టు తెలిసినవాడికి మన మీద బాధ్యత లేకపోతే ఆ గుట్టు వాడికి ఆయుధం.

అప్పు ఎందుకు దాస్తాడు

పల్నాటి రైతు బాకీలు దాచుకోవడానికి పౌరుషమే కారణమని తేల్చేస్తాం. అసలు కారణం చాలావరకు లెక్కకు సంబంధించింది. ఇక్కడ మిర్చి, పత్తి పండించేవాళ్ళలో కౌలు రైతులు ఎక్కువ. పెట్టుబడికి బ్యాంకు కన్నా ముందు పురుగుమందుల కొట్టు, గుంటూరు యార్డులో కమీషన్ ఏజెంటు, ఊళ్ళో వడ్డీ వ్యాపారి దిక్కు. ఈ అప్పులకు తనఖా పెట్టడానికి భూమి లేదు. ఇతను తట్టుకోగలడు అన్న నమ్మకమే తనఖా. నష్టపోయానని బయటపెట్టిన రోజున కొట్టువాడు అరువు ఆపుతాడు, వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు, భూమి యజమాని వచ్చే ఏడు కౌలు మరొకరికి ఇస్తాడు, కూతురి సంబంధం వెనక్కి పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అన్న సామెత ఇలాంటి లెక్కలోంచి పుట్టినదే.

నష్టాలకు మాత్రం లోటు లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావక, అప్పులు పెరిగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతను తినేసింది. 2025 మొదట్లో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

దాచుకున్నవాడు ప్రాణం తీసుకున్నాక ఏమవుతుందో చూడండి. 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉన్న కమిటీ ఇంటికి వచ్చి విచారిస్తుంది. అప్పుడు లక్షన్నరగా ఉన్న సాయం 2019 నాటికి ఏడు లక్షలైంది. ఆ డబ్బు రావాలంటే బతికున్నప్పుడు ఆ మనిషి భార్యకు కూడా చెప్పని బాకీలన్నీ ఇప్పుడు ఆ భార్య కాగితాలతో రుజువు చేయాలి. చేబదులుకు నోటు ఉండదు, నోటి మాట కౌలుకు పత్రం ఉండదు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలన్నా భూమి యజమాని సంతకం పెట్టాలి. హక్కు ఎక్కడ పోతుందో అన్న భయంతో పెట్టనివాళ్ళు బోలెడుమంది. అంటే కౌలుదారు తాను కౌలుదారునని చెప్పుకోవడానికి కూడా మరొకడి అనుమతి కావాలి. ఇలాంటి మనిషికి బేలతనాన్ని ఆహ్వానించు అని చెప్పడం తేలిక.

బయటి ప్రపంచం ఏమంటోంది

ఈ విషయం మీద ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు చాలా ఉన్నాయి. 1986లో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ కాలేజీ విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, మనసులో మోస్తున్న గాయాల గురించి రాయమన్నాడు. రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. దాంతో చెప్పుకుంటే తగ్గుతుంది అన్న నమ్మకానికి శాస్త్రబలం వచ్చింది. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూస్తే ఆ మేలు నిజమే కానీ చిన్నదని తేలింది. మరోవైపు, ప్రమాదం జరిగిన వెంటనే బాధితుణ్ణి కూర్చోబెట్టి ఒక్కసారి అంతా చెప్పించేస్తే మేలు జరుగుతుందన్న పద్ధతి పరీక్షలకు నిలబడలేదు. ఎప్పుడు చెప్పాలో చెప్పుకునేవాడే నిర్ణయించుకోవాలి.

జర్మనీలో అనా బ్రూక్, ఆమె సహచరులు 2018లో చూపింది ఊరట కలిగిస్తుంది. మన బేలతనం మనకు కనిపించినంత వికారంగా ఎదుటివాళ్ళకు కనిపించదు. ఎదుటివాడు తప్పు ఒప్పుకుంటే మనకు గౌరవం కలుగుతుంది, మనం ఒప్పుకోవాల్సి వస్తే సిగ్గు. అయితే 1966లో ఎలియట్ అరాన్సన్ చేసిన ప్రయోగం దీనికి పక్కనే పెట్టుకోవాలి. చాలా సమర్థుడిగా కనిపించినవాడు కాఫీ ఒలకబోసుకుంటే వినేవాళ్ళకు అతని మీద ఇష్టం పెరిగింది. అంతంతమాత్రం అనిపించినవాడు అదే పని చేస్తే ఉన్న ఇష్టం కూడా తగ్గింది. పల్నాటి లెక్కలో చెప్పాలంటే, పదెకరాల ఆసామి నేను ఇంటర్ తప్పాను అంటే చప్పట్లు కొడతారు. కౌలుదారు నాకు పంట పోయింది అంటే కౌలు పోతుంది. మనసు విప్పితే వచ్చే లాభనష్టాలు అందరికీ సమానం కావు. 2010లో బేలతనం గురించి బ్రెనే బ్రౌన్ చేసిన ప్రసంగంతో ప్రపంచమంతా పాకిన ఉత్సాహంలో ఈ తేడా మరుగునపడింది.

ఏం చేయాలి

గుట్టుగా ఉండటం తప్పని ఎవరూ అనలేరు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నవాళ్ళు లోకం తెలిసే అన్నారు. అందరికీ అన్నీ చెప్పేయడం నిజాయితీకి గుర్తేమీ కాదు. ఎవరికీ ఏదీ చెప్పలేని స్థితి మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ రెంటి మధ్య దారి వేయడానికి పై అనుభవాలు మూడు షరతులు చెబుతున్నాయి. విన్నది బయటికి పొక్కకూడదు. విన్నవాడికి దాంతో లాభం ఉండకూడదు. విన్నాక చేయగలిగింది ఏదో ఒకటి ఉండాలి.

చట్టం కొంత దూరం వచ్చింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా పరిగణించి సంరక్షణ ఇవ్వమంటుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఊళ్ళోవాళ్ళకు తెలియకుండా వినే మనిషి కావాలన్న షరతు ఇది కొంత తీరుస్తుంది. కానీ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వే మానసిక సమస్యలు ఉన్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్సకు అందడం లేదని చెప్పింది. నంబరు ఒక్కటే సరిపోదు.

చనిపోయాక ముగ్గురు అధికారులు వచ్చి అడిగే ప్రశ్నలు బతికుండగానే, పంట పోయిన నెలలోనే, రైతు సేవా కేంద్రంలో ఒకరు గోప్యంగా అడిగితే సగం పని అవుతుంది. యజమాని సంతకం లేకుండా కౌలు కార్డు ఇస్తే మరికొంత అవుతుంది. చర్చిలో, డ్వాక్రా సంఘంలో, రచ్చబండ మీద ఇంకా గట్టెక్కనివాడి మాటకు కూడా చోటివ్వడం మన చేతిలోనే ఉంది. తమ్ముడు నష్టపోయానన్నప్పుడు నేను ముందే చెప్పాను కదరా అనకుండా ఎంత కావాలి, ఎవరికివ్వాలి అని అడిగే అన్న ఆ ఇంట్లో ఉంటే, తమ్ముడికి వేరే శిక్షణ తరగతులు అవసరం ఉండదు. పల్నాడు ధైర్యం కొత్తగా నేర్చుకోవాల్సిన నేల కాదు. నేర్చుకోవాల్సింది వినడం. ఆ పని పెద్దలతో, అప్పు ఇచ్చినవాళ్ళతో, అధికారంలో ఉన్నవాళ్ళతో మొదలవ్వాలి, ఎందుకంటే విని కూడా ఏమీ పోగొట్టుకోనిది వాళ్ళే.